ఎండవేళ ఆగిపోవు బండి

కర్నూలు జిల్లాలో, తుంగభద్రకు దక్షిణపు గట్టున నున్న సి.బెళగల్ ప్రాంతమందు, వేసవి ముదిరి ఎండ 40 డిగ్రీలు దాటి, నల్లరేగడి చేలు బీటలు వారి, మధ్యాహ్నవేళ బాటపై మనుష్యసంచారము సన్నగిల్లు దినములలో, ఒక మోటారు మరమ్మతు షెడ్డునందు మామకును అల్లునికిని జరిగిన వాదమిది. మామ ఆదోనిలో పని నేర్చి, ప్రత్తివ్యాపారుల అంబాసిడర్లను ఫియట్లను విప్పుచు బిగించుచు వయసు గడపినవాడు. అల్లుడు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైలు డిప్లొమా ముగించి, కర్నూలులో కొత్తకార్ల సర్వీసింగు చేయుచున్నవాడు. వారి మధ్య వివాదమునకు హేతువైనది, 1970 ప్రాంతమున ఉత్తరపారలోని హిందూస్థాన్ మోటార్స్ కర్మాగారమున తయారైన ఒక మార్క్ 2 అంబాసిడర్. 1489 సి.సి. పెట్రోలు ఇంజను, యస్.యు. కార్బురేటరు గల ఆ కారు ఉదయమున ఏ బాధయు లేక నడచుచు, మధ్యాహ్నమున అరగంట పరుగెత్తగానే మిస్సింగు కొట్టి, గుక్కతిప్పుకొనలేక ఆగిపోవును. కొంతసేపు నిలిపినచో మరల స్టార్టగును. మంత్రాలయమునకు కుటుంబముతో పోవుచు దారిలో రెండు మూడుమార్లు నిలిచిపోయినందున యజమాని విసిగి, పాత ఇనుముక్రింద అమ్మివేయుదునా యని అడుగుచుండెను. తొందరపాటు నిర్ణయమువలన మంచి యంత్రములెన్నియో తూకమునకు పోవుట చూచి బాధపడినవాడను కనుక, ఆ సంభాషణమును నేను శ్రద్ధతో వింటిని.

అల్లుడు: మామా, ఇందు పరిశోధింపవలసినది నాకంతగా కనబడుట లేదు. దోషమంతయు పెట్రోలుది. 20 శాతము ఎథనాలు కలిపిన పెట్రోలు 2023లో బంకులకు వచ్చుట మొదలై, 2025 నాటికి దేశమంతట అదియే వాడుకలోనికి వచ్చినది. ఈ కారు పుట్టిననాడు ఎథనాలు మాట ఎవరెరుగుదురు? ఎథనాలు 78 డిగ్రీలకే మరుగును. అంతేకాక పెట్రోలులోని తేలికపాటి పదార్థములతో కలిసి, ఆ మిశ్రమము మరింత సులభముగా ఆవిరియగునట్లు చేయును. ఇక ఈ ఇంజను నిర్మాణము చూడుడు. గాలిపెట్రోలులు లోనికి పోవు మార్గమును, పొగ వెలికి వచ్చు మార్గమును ఒకే ప్రక్కన నున్నవి. కార్బురేటరు సరిగా మండుచున్న మానిఫోల్డుమీదనే కూర్చున్నది. పైన ఈ యెండ, క్రింద ఆ సెగ. పైపులో పెట్రోలు ఆవిరియై నిండినప్పుడు పంపు ఆవిరిని నొక్కునేగాని ద్రవమును తోయలేదు. ఎయిర్‌లాకు పట్టిన ఇంజను ఆగక ఏమి చేయును? డ్రైవరు తడిగోనెపట్టను పంపుమీద కప్పి, పావుగంటకు స్టార్టు చేసినాడని యజమానియే చెప్పినాడు. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

మామ: నీవు చెప్పిన శాస్త్రమును నేను కాదనను, అల్లుడా. మానిఫోల్డు సెగకు పెట్రోలు మరుగుటయు నా కన్నులతో చూచినదే. కాని నీ సాక్ష్యమును కొంచెము త్రిప్పి చూడుము. పంపుమీద గోనెపట్ట వేసినారు, పావుగంట నిలిచినారు, తరువాత స్టార్టైనది. ఆ పావుగంటలో చల్లబడినది పంపు ఒక్కటియేనా? కాయిలు చల్లబడలేదా? డిస్ట్రిబ్యూటరు లోపలి కండెన్సరు చల్లబడలేదా? గోనెపట్ట కప్పకయే పావుగంట కూర్చుండినచో అప్పుడును స్టార్టయ్యెడిదేమో, ఎవరైన చూచిరా? పట్ట చేసిన మేలెంతయో, కాలము చేసిన మేలెంతయో విడదీయక, కీర్తి అంతయు పట్టకు కట్టబెట్టుట నాకు సమ్మతము కాదు.

అల్లుడు: సరే, అట్లే అనుకొందము. అయినను కరెంటును అనుమానించుటకు మీకు కారణమేమి? పాయింట్లు, కండెన్సరు నిరుడే మార్చినారని యజమాని చెప్పెను గదా.

మామ: నా అనుమానమునకు అదియే మొదటి కారణము. కండెన్సరనగా ఏమి? పలుచని లోహపు రేకుల నడుమ కాగితమో మరియొక పొరయో పెట్టి చుట్టచుట్టి, చిన్న డబ్బీలో మూసినది. పాయింట్లు విడివడిన క్షణమున కాయిలునుండి ఎగసివచ్చు కరెంటును అది తనలో పట్టుకొననిచో, ఆ కరెంటు పాయింట్ల నడుమ నిప్పుగా దూకును; కాయిలులోని అయస్కాంతశక్తి ఒక్కసారిగా కూలక నెమ్మదిగా కూలును; ప్లగ్గు దగ్గర నిప్పు పలచబడును. 3000 చుట్లు తిరుగుచున్న నాలుగు సిలిండర్ల ఇంజనుకు నిమిషమునకు 6000 మార్లు, అనగా సెకనుకు నూరు మార్లు, ఈ పని తప్పక జరుగవలెను. కంపెనీనుండి వచ్చిన పాత కండెన్సర్లు ఇరువది యేండ్లు పనిచేయుట నేనెరుగుదును. ఇప్పుడు పేరూరూ లేని పొట్లములలో వచ్చునవి చల్లగా నున్నప్పుడు మీటరుకు సరిగానే తోచి, వేడెక్కగానే లోపల కారుట మొదలుపెట్టును. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయిన పిమ్మట, మంచి సామాను దొరుకుటయు దుర్లభమైనది. కొత్తది వేసితిమి కనుక అది నిర్దోషి యనుట ఈ కాలమున చెల్లదు.

అల్లుడు: మామా, మీరు నన్నడిగిన ప్రశ్ననే నేను మిమ్ము అడుగుదును. ఇన్నేండ్లుగా మీరు కండెన్సర్లు మార్చి బాగుచేసితినని చెప్పుచున్న కార్లలో, ఎన్ని నిజముగా కండెన్సరువలన ఆగినవి? డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్లు చూచి, కండెన్సరు విప్పి, కొత్తది బిగించువరకు ఎంతసేపు పట్టెను? అంతలో పైపులోని ఆవిరి చల్లారి మరల ద్రవము కాలేదా? పట్ట మహిమను మీరు ఒప్పుకొననప్పుడు, కండెన్సరు మహిమను నేనెందుకు ఒప్పుకొనవలెను?

మామ కొంతసేపు పలుకక, చేతిలోని స్పానరును బల్లమీద నుంచెను. ఆ ప్రశ్న న్యాయమైనది. అనుభవజ్ఞుడని పేరుపొందిన ప్రతివానిని అడుగదగినది. అడుగువారు లేకపోవుటచేతనే అనుభవము అనేకచోట్ల కేవలము అలవాటుగా మిగిలిపోవుచున్నది.

మామ: ఒప్పుకొంటిని. చాల కార్ల విషయమున నేను ప్రమాణము చేసి చెప్పలేను. అయితే బండి ఆగు తీరులోనే కొంత తెలియును. పెట్రోలు అందని బండి ఒక్కసారి ఆగదు. యాక్సిలరేటరు తొక్కినకొలది బలహీనపడి, కాలు తీసినప్పుడు కొంచెము తేరుకొని, మరల తొక్కినచో ముందుకు వెనుకకు ఊగి, ప్రాణము కొంచెము కొంచెముగా విడుచును. కొన్నిమార్లు కార్బురేటరులోనికి తుమ్మును. కరెంటు పోయిన బండి తాళము త్రిప్పి ఆపినట్లే ఆగును. మధ్యలో వచ్చుచు పోవుచునున్నచో సైలెన్సరులో టపాకాయ ప్రేలినట్లు ప్రేలును.

అల్లుడు: పూర్తిగా తెగిన కాయిలు విషయమున అది సత్యము. కాని కారుచున్న కండెన్సరు ఒక్కసారి చంపునా? అదియును వచ్చుచు పోవుచు, ఊగించి, దగ్గించియే చంపును గదా? యజమాని చెప్పిన మాటలు రెండు రోగములకును సరిపోవుచున్నవి. చెవితో వినుటవలన ఎటువైపు మొగ్గవలెనో తెలియునేమోగాని, తీర్పు చెప్పుటకు అది చాలదు.

మామ: అట్లయినచో నీ స్కానరును తగిలించి తీర్పు చెప్పింపుము.

అల్లుడు: దీనికి తగిలించుటకు తావెక్కడ? నేను పనిచేయుచోట కారే తన దోషమును సంఖ్యగా వ్రాసి చూపును. ఇందులో కంప్యూటరు లేదు, సెన్సరు లేదు. అందుచేతనే మనము ప్రశ్నలను మరింత జాగ్రత్తగా అడుగవలెనని నా మతము. ఇంజనునకు గాలి, పెట్రోలు, నిప్పు, ఒత్తిడి అను నాలుగు కావలెను. ఉదయమంతయు బాగుగా నడచుచున్నది కనుక ఒత్తిడిని తరువాత చూడవచ్చును. గాలి ఫిల్టరు చూచితిని. రేగడి దుమ్ము పట్టియున్నది గాని మూసుకొనిపోలేదు. పెట్రోలు ట్యాంకు మూతలోని గాలిరంధ్రము పూడినచో, ట్యాంకులో శూన్యము ఏర్పడి, పంపు లాగలేక ఇదే విధముగా అరగంటకు ఆగును. మూత విప్పగానే బుస్సుమని గాలి లోనికి పోవును. దానినికూడ చూచితిని, రంధ్రము తెరచియే యున్నది. మిగిలినవి రెండే, మీ నిప్పు, నా పెట్రోలు.

మామ: అయిన ఇంకేల, పోయి చూతము. దొంగ ఇంటిలో నుండగానే తలుపు వేయవలెను. చల్లారిన బండిని షెడ్డులో నిలిపి మనమిద్దరము సాయంకాలమువరకు వాదించినను ఫలము లేదు. దోషము ఇప్పుడు ఇంజనులో లేదు. మధ్యాహ్నము ఎండలో నడిపి, ఆగనిచ్చి, ఆగినచోటనే, చల్లారకమునుపే పట్టవలెను. నీళ్లు పోయరాదు, పట్ట కప్పరాదు, బండిని నీడకు త్రోయరాదు. మొదట ప్లగ్గు విప్పి నిప్పు చూచెదము. పిమ్మట పెట్రోలు.

అల్లుడు: నిప్పే మొదలేల? పెట్రోలు మొదట చూచిన తప్పేమి?

మామ: తప్పున్నది. వేడి మానిఫోల్డు పైన కార్బురేటరు మూత విప్పి, పైపు ఊడదీసి, పెట్రోలు ఆవిరి బానెట్ క్రింద నింపిన తరువాత, అచ్చటనే ప్లగ్గు నిప్పు చూచుట ఆత్మహత్యాసదృశము. నిప్పు పరీక్ష ముగిసి, కాయిలు తీగ ఊడదీసిన పిమ్మటనే పెట్రోలుమీద చేయి వేయవలెను. ప్లగ్గునుకూడ కార్బురేటరుకు దూరముగా, రెండవ ప్రక్కన, ఇంజను ఇనుమునకు తాకించి పట్టవలెను. ఇది నాకు గురువు చెప్పిన క్రమము. దీనిని మాత్రము ఎంత చదివినవాడు చెప్పినను మార్చను.

అల్లుడు: దీనికి నేను ఎదురు చెప్పను. కాని నాదియు ఒక నియమము కలదు. ఒక్కసారి ఒక్క వస్తువే మార్చవలెను. కండెన్సరు, కాయిలు, పాయింట్లు, ప్లగ్గులు అన్నియు ఒక్కమారు మార్చి, బాగైనదని సంతోషించుట నాకు వలదు. బాగుపడుటకు హేతువేదో తెలియక బాగుపడిన బండి, రేపు మంత్రాలయము దారిలో మరల ఆగినప్పుడు, మనకేమియు నేర్పియుండదు.

ఇట్లు నిశ్చయించుకొని వారు మిట్టమధ్యాహ్నమున గూడూరు బాటను పట్టిరి. యజమాని కోరగా నేనును వెంట పోతిని. కిటికీలనుండి వడగాలి ముఖముమీద కొట్టుచుండెను. కొంతదూరము పోయినపిమ్మట బండి మొదట తడబడి, సైలెన్సరులో ఒకటి రెండు మార్లు ప్రేలి, బాటప్రక్క నిలిచిపోయెను. అల్లుడు క్షణమైన ఆలస్యము చేయక బానెట్ ఎత్తి, గుడ్డతో పట్టి ప్లగ్గు విప్పి, తీగ తగిలించి ఇనుమునకు తాకించెను. మామ సెల్ఫు కొట్టెను. నీలముగా చిటచిటలాడవలసిన నిప్పు సన్నగా, పచ్చగా, ఒకమారు వచ్చి రెండుమార్లు రాకుండెను. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్లను వ్రేలిమొనతో విడదీసి చూడగా వాని నడుమ తెల్లని మెరుపు పెద్దగా దూకుచుండెను. ప్లగ్గు దగ్గరకు పోవలసిన బలము పాయింట్ల దగ్గరనే మండి వ్యర్థమగుచుండెననుటకు ఇంతకంటె స్పష్టమైన గురుతు లేదు.

మామ తాను దాచియుంచిన పాత మంచి కండెన్సరును బిగించెను. పాయింట్లను తాకలేదు, కాయిలును తాకలేదు. సెల్ఫు కొట్టిన వెంటనే ఇంజను స్టార్టయ్యెను. పంపు ఎప్పటివలెనే కాలుచుండెను. మామ ముఖమున సంతోషము కనబడెను. కాని అల్లుడు బానెట్ మూయనీయలేదు.

అల్లుడు: దోషముగలదానిని మరల పెట్టుడు, మామా.

మామ: ఏమిరా, నడచుచున్న బండిని మరల చంపుదువా? ఈ యెండలోనా?

అల్లుడు: విప్పి బిగించుటకు మీకైన కాలములో ఆవిరి చల్లారెనేమో యను సందేహము నాకింకను తీరలేదు. దోషముగలదానిని పెట్టి, ఇంజనును ఇచ్చటనే కొంతసేపు నడిపి వేడెక్కనిత్తము. అది మరల చచ్చి, మంచిది పెట్టగానే మరల బ్రతికినచో, నేను నోరు మూసుకొందును.

యజమాని వలదనెను. మామ మాత్రము కొంచెము ఆలోచించి, చెమట తుడుచుకొని, స్పానరు చేతబట్టెను. దోషముగల కండెన్సరు తిరిగి తన స్థానమున కూర్చుండెను. ఇంజను కొంతసేపు నడచి, తడబడి, అదే విధముగా ఆగిపోయెను. మంచిది పెట్టగానే మరల బ్రతికెను. పరికరములెన్నియున్నను, ఇల్లు చేరవలెనను తొందరలో సాధారణముగా ఎవరును చేయని పని ఇది. నేను చూచిన మరమ్మతులలో దీనినే ఉత్తమమైనదిగా ఎంచుచున్నాను. ఏలయన బాగుచేయుట అనేకులకు చేతనగును, బాగుపడినందుకు హేతువును నిలిపి చూపుట మిక్కిలి అరుదు.

తిరుగుప్రయాణమున వాదము మరియొక దారి పట్టెను.

అల్లుడు: ఆగిపోవుటకు కారణము మీదే, ఒప్పుకొంటిని. కాని ఎత్తు ఎక్కునప్పుడు బండి ఇంకను గుటకలు వేయుచున్నది, గమనించితిరా? నేను విప్పిన ప్లగ్గు మొన సున్నమువలె తెల్లగా నున్నది. సరిగా మండినచో అది ఇటుకపొడి రంగున నుండవలెను. ఇది పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనదానికి గురుతు. లెక్క చూడుడు. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. ఎథనాలునకు 9 పాళ్లే చాలును. 20 శాతము కలిపినదానికి దాదాపు 13.5. కొత్తకారులో ఆక్సిజన్ సెన్సరు ఈ తేడాను కనిపెట్టి ఇంజెక్టరుకు చెప్పును. ఈ కార్బురేటరుకు చెప్పువారెవరు? అది పాత కొలతతోనే పోయుచున్నది. కనుక ఏడెనిమిది శాతము కొరత.

మామ: చెప్పువారు లేకున్నను అడుగు విధము కలదు. యస్.యు. కార్బురేటరు ఆనాటివారు మిక్కిలి బుద్ధితో చేసినది. స్కిన్నర్ సోదరులు ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఇంగ్లండున దీనిని కల్పించినప్పుడు లోపల తోలుతిత్తి యుండెడిదట. ఇప్పుడున్నది పిస్టను. ఇంజను వేడిగా ఐడ్లింగులో నున్నప్పుడు ఆ పిస్టనును సన్నని స్క్రూడ్రైవరుతో ఒక మిల్లీమీటరంత ఎత్తుము. ఇంజను వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ. ఎత్తగానే ఆగబోయినచో తక్కువ. కొంచెము హెచ్చి మరల స్వస్థానమునకు వచ్చినచో సరి.

షెడ్డు చేరి, ఇంజను వేడిగా నుండగనే అల్లుడు పిస్టనును ఎత్తెను. ఇంజను వెంటనే ఆగబోయెను. మామ జెట్టు క్రింది నట్టును ఒక పలకమాత్రము క్రిందికి త్రిప్పి, ఎత్తి చూడుమనెను; మరల ఒక పలక; మరల పరీక్ష. ఇట్లు పలక వెంబడి పలక త్రిప్పుచుండగా, ఇంజను కొంచెము వేగము హెచ్చి తిరిగి నెమ్మదించు స్థితికి వచ్చెను.

మామ: చూచితివా? నీ ఎథనాలును ఈ పాతది ఒక నట్టుతో సర్దుకొన్నది. పనికిరాదని పాత ఇనుముకు తూచుటకు ఇందేమున్నది?

అల్లుడు: పోయు కొలతను సర్దుకొన్నది, రబ్బరు ఎట్లు సర్దుకొనును? పంపునుండి కార్బురేటరుకు వచ్చు ఈ గొట్టమును పట్టి చూడుడు. ఉబ్బి మెత్తబడి, వ్రేలికి అంటుకొనుచున్నది. 2023 తరువాతి కొత్తకార్లకు ఈ పెట్రోలును తట్టుకొను రబ్బరు వేయుచున్నారు; దీనికి వేసినది ఏనాటిదో. పంపు లోపలి డయాఫ్రము కూడ ఇదే జాతిది.

మామ: అది నేటి రోగము కాదు. ఒక్కసారి ఒక్కటే మార్చవలెనని నీవేగదా నియమము పెట్టితివి? రెండు దినములు ఎండలో నడపనిమ్ము. కండెన్సరు, నట్టు చేసిన మేలు నిలుచునో లేదో చూచి, తరువాత గొట్టము మార్తము.

అల్లుడు: కారణము వెదకునప్పటి నియమమది, మామా. ఈ గొట్టము వేడి మానిఫోల్డుకు జానెడు దూరమున నున్నది. చీలినచో పెట్రోలు సూటిగా దానిమీద కారును. మంత్రాలయము పోవునప్పుడు వెనుక సీటులో పిల్లలుందురు. మన పరీక్ష చెడునని అగ్నిప్రమాదమును రెండు దినములు వాయిదా వేయుదుమా?

మామ వంగి గొట్టమును తానును పట్టి చూచెను. నలిపిన వ్రేళ్లకు నల్లని మసి అంటెను.

మామ: ఈ రాత్రి బండిని కదపవద్దని యజమానికి చెప్పుము. రేపు తెల్లవారగానే ఎమ్మిగనూరు పోయి, ఈ పెట్రోలునకు తట్టుకొను గొట్టమే యని అడిగి తెమ్ము. అచ్చట లేకున్న కర్నూలు. ట్యాంకు దగ్గర మరియొక రబ్బరు ముక్క యున్నది, దానినికూడ కొలిచి తెమ్ము. క్లిప్పులు కొత్తవి కావలెను. డయాఫ్రము సంగతి పంపు విప్పి నేను చూచెదను.